మిక్సీని బోర్లించి చదవండి

ముందుగా మీ మిక్సీ ప్లగ్గు తీయండి. జారు పక్కన పెట్టి, పాత తువ్వాలు పరిచి, మిషన్‌ను దాని మీద బోర్లించండి. అడుగున ఒక రేకు ముక్కో స్టిక్కరో ఉంటుంది. కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ చదివి ఉండరు. పిండి మరకలు తుడిచి ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. పేరు అదే ఉండి కంపెనీ చేతులు మారినప్పుడు కొనేముందు, బాగుచేయించేముందు ఏం చూసుకోవాలో ఇకముందు చెబుతాను. ఆ పనులకు ఈ ఫొటో కావాలి.

నాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. మా అక్క పెళ్లయిన ఏడాది అమ్మ చెన్నై టీ నగర్‌లో ఒక మిక్సీ కొన్నది. ఇరవై ఏళ్లు కందిపొడి, గోంగూర పచ్చడి, పెసరట్టు పిండి అన్నీ దానితోనే. ఆ నమ్మకంతో నేను పెరంబూరులో కాపురం పెట్టినప్పుడు కళ్లు మూసుకుని అదే పేరున్న మిక్సీ కొన్నాను. రెండేళ్ల వారంటీ ముగిసిన నాలుగో నెలలో మోటారును జారుకు కలిపే పళ్ల బిళ్ల, అదే కప్లర్, అరిగి జారులో బ్లేడు తిరగడం మానేసింది. సర్వీసు సెంటరులో కూర్చున్న అబ్బాయి మిషన్ వైపు చూడకుండానే, "ఈ మోడల్ ఆగిపోయింది సార్, పార్టులు రావు, ఎక్స్చేంజిలో కొత్తది తీసుకోండి" అన్నాడు.

చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. అక్కడ విడిభాగాల దుకాణం పెద్దాయన ఫొటో చూసి, రేకు డబ్బాలోంచి రెండు కప్లర్లు ఏరి గాజు బల్ల మీద పక్కపక్కనే పెట్టారు. రెండూ నల్లటివే, అరచేతిలో ఇమిడేవే. ఒకదాని పళ్లు లావుగా, నడుమ ఇత్తడి మరతో బరువుగా ఉంది. రెండోదాని పళ్లు సన్నగా, ఎక్కువగా ఉన్నాయి. "ఇది పాత యజమానుల కాలంలోది బాబూ, ఇది ఇప్పటిది. పేరొకటే, చేసే చోటు మారింది. మీ అమ్మగారి జారు దీని మీద కూర్చోదు" అని తమిళ యాసలో తెలుగు మాట్లాడారు. కొత్త మిక్సీ కొనమన్న జబ్బుకు మందు అరవై రూపాయలు.

నిజానికి మన మిక్సీ పుట్టుకలోనే ఈ బాధ ఉంది. మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర జర్మనీ బ్రాన్ కంపెనీ మిక్సర్ ఉండేది. అది పాడైతే ఇక్కడ బాగుచేసేవారు దొరకలేదు. సీమెన్స్‌లో ఇంజనీరుగా ఉన్న భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన వంటకు తట్టుకునే యంత్రాన్ని తానే తయారు చేయడానికి పూనుకున్నారు. 1963లో మొదలైన సుమీత్ మిక్సీ కథ అదే. తరవాత ఆ పేరు ఎవరిదన్న తగువు సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1994లో తీర్పు వచ్చింది. పేరుకూ యంత్రానికీ ఉన్న చుట్టరికం ఎంత గట్టిదో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

అడుగున ఏం చూడాలి

మోడల్ సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, కంపెనీ అసలు పేరు. ముందు వైపు మెరిసే పేరు కాదు, 'లిమిటెడ్' అనో 'ప్రైవేట్ లిమిటెడ్' అనో ముగిసే పేరు. రేకు మీద లేకపోతే అట్టపెట్టె మీద ఉంటుంది. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయాల్సిన నంబరు పెట్టె మీద అచ్చు వేయాలి. అందుకే పెట్టె పారేసే ముందు ఆ వైపు అట్టను కత్తిరించి బిల్లుతోపాటు దాచండి. పెట్టె మొత్తం అటక మీద పెట్టుకోనక్కరలేదు.

'తయారీ ఫలానా వారు, మార్కెటింగ్ ఫలానా వారు' అని రెండు పేర్లు కనబడితే రెండూ రాసుకోండి. చాలా పెద్ద పేర్ల వెనక మిషన్ చేసేది వేరొకరు. అందులో తప్పేమీ లేదు. కానీ రేపు యజమాని మారితే మొట్టమొదట మారేది ఆ తయారీ ఒప్పందమే.

ఇప్పుడు అసలు కిటుకు. ఐఎస్‌ఐ గుర్తు కింద 'సీఎం/ఎల్' అనే అక్షరాలతో ఒక సంఖ్య ఉంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన లైసెన్సు సంఖ్య అది. ఆ లైసెన్సు బ్రాండుకు కాక ఫలానా చిరునామాలో ఉన్న ఫలానా ఫ్యాక్టరీకి ఇస్తారు. ఫోనులో 'బీఐఎస్ కేర్' యాప్ వేసుకుని ఆ సంఖ్య కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో చూపిస్తుంది. మీ ఇంట్లోని పాత మిక్సీ సంఖ్య, దుకాణంలోని కొత్త మిక్సీ సంఖ్య రెండూ కొట్టి చూడండి. లైసెన్సు ఒకరిదే అయితే కొంత ధైర్యం. వేర్వేరైతే పేరు చూసి పాతదానికి ఇచ్చిన మార్కులు కొత్తదానికి వేయకండి. అమ్మే అబ్బాయి విసుక్కుంటాడు, పట్టించుకోవద్దు.

ఏ రకం మార్పు జరిగిందో తేల్చుకోండి

"కంపెనీ అమ్మేశారట" అనే మాట ఒకటే అయినా దాని వెనక జరిగేవి వేర్వేరు.

మొదటి రకంలో కంపెనీ అలాగే ఉంటుంది, వాటాలు చేతులు మారతాయి. చెన్నై వారికి బాగా తెలిసిన బటర్‌ఫ్లై ఇందుకు ఉదాహరణ. బటర్‌ఫ్లై గాంధీమతి అప్లయన్సెస్‌లో సగానికి పైగా వాటాను 2022లో క్రాంప్టన్ గ్రీవ్స్ కన్స్యూమర్ ఎలక్ట్రికల్స్ కొన్నది. తరవాత రెండింటినీ కలిపేయాలని చూస్తే 2023లో బటర్‌ఫ్లై సాధారణ వాటాదారులు ఒప్పుకోలేదు. కాబట్టి అది విడి కంపెనీగానే మిగిలింది. ఇలాంటి చోట మీ వారంటీ కార్డు మీద ఉన్న కంపెనీ ఇప్పటికీ బతికే ఉంది, బాధ్యత దానిదే. "పాత యజమానులు అమ్ముకుని వెళ్లిపోయారు, మాకు సంబంధం లేదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

రెండో రకంలో యజమానికి యజమాని మారతాడు. 1978లో చెన్నైలో మొదలైన ప్రీతిని 2011లో ఫిలిప్స్ కొన్నది. ఆ ఫిలిప్స్ తన గృహోపకరణాల వ్యాపారం మొత్తాన్ని 2021లో హిల్‌హౌస్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మింది. ఆ వ్యాపారం 2023లో వెర్సుని అని పేరు మార్చుకుంది. దశాబ్దం పైచిలుకు కాలంలో ఇన్ని మలుపులు తిరిగితే దుకాణం అరలో మాత్రం అదే పేరు, అవే జార్లు. ఇక్కడ కంగారు పడాల్సింది లేదు, కానీ సర్వీసు సెంటర్ల జాబితా, ఫోన్ నంబర్లు, వెబ్ చిరునామాలు మారతాయి. మీ దగ్గరున్న పాత కాగితం మీది నంబరు పని చేయకపోవచ్చు.

మూడోది పేరు మాత్రమే అద్దెకు తీసుకోవడం. మార్ఫీ రిచర్డ్స్ బ్రిటిష్ పేరు. మన దేశంలో ఏళ్ల తరబడి దాన్ని లైసెన్సు మీద అమ్మింది బజాజ్ ఎలక్ట్రికల్స్. ఇలాంటి ఒప్పందం ముగిసి పేరు ఇంకొకరి చేతికి వెళ్తే, కొత్తవారు పాత మిషన్లకు జవాబుదారీ అని మనం అనుకోవడానికి లేదు. బిల్లు, వారంటీ కార్డు మీద ఎవరి పేరుందో వారినే పట్టుకోవాలి. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఈ మూడో రకంలోనే.

అమ్ముడుపోయేది ఎప్పుడూ మన కంపెనీయే అనుకోకండి. 2016లో బ్రిటన్‌లోని వంటసామాన్ల కంపెనీ హార్వుడ్ హోమ్‌వేర్స్‌ను కొన్నది మన టీటీకే ప్రెస్టీజే. అక్కడి గృహిణి కూడా మనలాగే గొణుక్కుని ఉంటుంది.

యజమాని మారితే నాణ్యత పడిపోయినట్టే అన్న మాట నేను నమ్మను. పెద్ద కంపెనీ చేతికి వెళ్లాక సర్వీసు చిన్న ఊళ్లకు విస్తరించవచ్చు. పడిపోయినప్పుడు మాత్రం అది మోటారులో కన్నా ముందు విడిభాగాల్లో కనబడుతుంది. మోడళ్లు తగ్గిస్తారు, కప్లర్, జారు మూతి కొలతలు మారుస్తారు, పాత కొలతల సరుకు నిండుకున్నాక మళ్లీ చేయించరు. కాబట్టి ఆరా తీయాల్సింది షోరూములో కాదు.

ముందు విడిభాగాల దుకాణం, తరవాతే షోరూము

అణ్ణా సాలై పక్కనే రిచీ స్ట్రీట్, దానికి ఆనుకుని నరసింగపురం వీధి. కంప్యూటర్లు, కెమెరాల సందడి దాటి లోపలికి నడిస్తే మిక్సీ, గ్రైండరు సామాన్ల దుకాణాలు కనబడతాయి. అంత దూరం వెళ్లలేకపోతే మీ వీధి చివర మిక్సీలు బాగుచేసే మనిషి చాలు. అతని బల్ల మీద ఈ వారం ఏయే మిక్సీలు విప్పి ఉన్నాయో చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. అయితే ఒక మాట: ఎక్కువ అమ్ముడైనవే ఎక్కువ రిపేరుకు వస్తాయి. "ఇవే ఎక్కువగా వస్తున్నాయి" అన్నంత మాత్రాన అది చెడ్డదని కాదు. "వచ్చినవి బాగుపడి వెళ్తున్నాయా?" అని అడగండి.

మీరు కొనదలచిన మోడల్ పేరు చెప్పి కప్లర్, విడి జారు, జారు అడుగు బుష్ (బ్లేడు ఇరుసు తిరిగే గొట్టం), బ్లేడు ఉన్నాయా అని అడగండి. 'తెప్పిస్తాను' అంటే లేవని అర్థం. డబ్బాలోంచి తీసి చూపిస్తేనే ఉన్నట్టు. అదే కంపెనీ నాలుగైదేళ్ల కిందటి మోడల్‌కు కూడా ఉన్నాయా అని అడగండి. ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. రేపు మీ మిక్సీ కూడా నాలుగైదేళ్ల కిందటి మోడలే అవుతుంది.

జారు ధర కనుక్కోండి. ఒక్క జారు ధర మిషన్ ధరలో మూడో వంతు దాటితే నేను వెనుదిరుగుతాను.

అడుగు మూత మామూలు స్టార్ స్క్రూడ్రైవరుతో ఊడుతుందా, లేక ప్లాస్టిక్ కొక్కేలతో బిగించారా? కొక్కేలైతే ఒకసారి విప్పేసరికి విరుగుతాయి. మోటారు చుట్ట రాగి తీగా అల్యూమినియం తీగా అని కూడా మెకానిక్‌నే అడగండి. అమ్మేవారిని అడిగితే మీకు ఏది ఇష్టమో అదే చెబుతారు.

ఇక వారంటీ కార్డు. 'మోటారుకు 5 ఏళ్లు' అని పెద్ద అక్షరాలతో ఉన్న చోటే, కప్లర్, బ్లేడు, కార్బన్ బ్రష్‌లు, జార్ల వంటి అరిగే భాగాలకు వర్తించదని చిన్న అక్షరాలతో ఉంటుంది. మిక్సీలో పాడయ్యేవి దాదాపు అవే.

వస్తువును బట్టి కూడా ఈ బెంగ పెరుగుతుంది, తగ్గుతుంది. కోయంబత్తూరు రకం వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని ఎన్నో చిన్న కార్ఖానాలు చేస్తాయి, బెల్టు, కెపాసిటరు బయట దొరుకుతాయి, మోటారు కాలిపోతే చుట్టించుకోవచ్చు. కంపెనీ ఎవరి చేతికి వెళ్లినా మన ఇడ్లీ పిండికి లోటు రాదు. ఇండక్షన్ స్టవ్వు, చేయి ఊపితే పని చేసే చిమ్నీ అలా కాదు. వాటి ప్రాణం ఒక సర్క్యూట్ బోర్డులో ఉంటుంది. ఆ బోర్డు ఆ మోడల్‌దే కావాలి, దాన్ని చేయించేది కంపెనీయే. యజమానులు మారుతున్న కంపెనీ నుంచి కొనక తప్పకపోతే టచ్ ప్యానెల్ కన్నా తిప్పే నాబ్ ఉన్న మోడల్ తీసుకోండి.

ఇంట్లో ఉన్నదాన్ని కాపాడుకోవడం

మీ మిక్సీ కంపెనీ చేతులు మారిందని పేపర్లో చదివారా? ఆ నెలలోనే రెండు కప్లర్లు, ఒక జత కార్బన్ బ్రష్‌లు, ఎక్కువ వాడే జారు ఇంకొకటి కొని పెట్టుకోండి. రబ్బరు వాషర్లు మాత్రం డజన్లు కొనకండి. అరలో ఉన్నా గట్టిపడి పగుళ్లిస్తాయి. కార్బన్ బ్రష్‌కు ఆ చింత లేదు.

మిక్సీ మోటారును చంపేది ఎక్కువగా జారు అడుగున కారే నీరే. పచ్చడి రుబ్బాక జారు ఎత్తి చూడండి. కప్లర్ చుట్టూ నల్లటి తడి కనిపిస్తే బుష్ అరిగింది. అలాగే వాడితే ఆ నీరు షాఫ్టు, అంటే మోటారు ఇరుసు, వెంట మోటారులోకి దిగుతుంది. వంద, రెండు వందల రూపాయల పనిని వాయిదా వేసి మోటారు కాల్చుకున్న ఇళ్లు మా వీధిలోనే మూడున్నాయి. అందులో ఒకటి మాది.

కప్లర్ మార్చడం ఇంట్లో చేసుకోగల పని. ప్లగ్గు తీయండి, స్విచ్ ఆపితే చాలదు. మోటారు షాఫ్టు తిరగకుండా పట్టుకోవాలి. కొన్ని మిక్సీల అడుగున దీనికోసమే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి స్క్రూడ్రైవరు పెడితే షాఫ్టు గాడిలో కూర్చుంటుంది. రంధ్రం లేకపోతే అడుగు మూత విప్పాలి. పైనుంచి కప్లర్‌ను గుడ్డతో పట్టి తిప్పండి. చాలామంది ఇక్కడే విరగ్గొడతారు. చాలా మిక్సీల్లో ఇది ఎడమ మర. సీసా మూత తీసే దిశకు ఎదురుగా, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. మోటారు తిరిగే కొద్దీ బిగుసుకునేలా అలా చేస్తారు. మెల్లగా బలం పెట్టి చూడండి. కదలకపోతే రెండు చుక్కలు కొబ్బరి నూనె కాదు, తుప్పు వదిలించే నూనె వేసి అరగంట ఆగండి. కొత్తది చేత్తో బిగిస్తే చాలు, మోటారే మిగతాది బిగిస్తుంది.

కార్బన్ బ్రష్‌లు మోటారుకు అటూ ఇటూ ఉండే చిన్న నల్లటి దిమ్మలు. వెనక స్ప్రింగు వాటిని రాగి పట్టీల చుట్టుకు ఒత్తుతూ ఉంటుంది. అరిగి అరిగి చిన్న వేలి గోరంత అయ్యాక స్ప్రింగు ఒత్తిడి చాలదు, మిక్సీ ఆగి ఆగి తిరుగుతుంది. ఒకటి అరిగినా జతగానే మార్చండి. మార్చాక ఖాళీగా కాసేపు తిప్పితే బ్రష్ మొన రాగి చుట్టుకు సరిగ్గా కుదురుకుంటుంది. గాలి కంతల్లోంచి చిన్న నీలి మిణుకులు కనిపించడం మామూలే. చుట్టూ వలయంలా నిప్పు తిరిగితే వెంటనే ఆపేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, అది బ్రష్‌తో తీరే జబ్బు కాదు.

మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే చచ్చిపోయిందని అనుకోకముందు అడుగున ఎర్రటి చిన్న బొత్తాం ఉందేమో చూడండి. భారం ఎక్కువైతే అది బయటికి తన్నుకొస్తుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే చాలు. దీనికి కూడా ఇంటికి వచ్చినందుకు డబ్బు తీసుకునేవారు ఉన్నారు.

మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. గ్యాస్ స్టవ్వు వాల్వు కూడా మన పని కాదు.

సర్వీసు సెంటరు చేతులెత్తేస్తే

కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి మొదట కనబడినదానికి ఫోన్ చేయకండి. కంపెనీ చేతులు మారి నంబర్లు గందరగోళంగా ఉన్న సమయమే దొంగ నంబర్లవాళ్లకు పండగ. పెట్టె మీది నంబరు, లేదా కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని నంబరు మాత్రమే వాడండి. ముందే డబ్బు పంపమన్నా, ఏదో యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి.

'పార్టులు రావు' అన్న మాటను కాగితం మీదో ఈమెయిల్లోనో రాయించుకోండి. రాసివ్వమనేసరికి పార్టు దొరికిన సందర్భాలు నేను రెండు చూశాను. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. బోర్లించి తీసుకున్న ఫొటో అక్కడ పనికొస్తుంది: కంపెనీ పూర్తి పేరు, మోడల్, తయారైన నెల అడుగుతారు. 2022 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన 'రైట్ టు రిపేర్' పోర్టల్‌లో మీ కంపెనీ పేరుందేమో చూడండి. ఉంటే మాన్యువల్, సర్వీసు, విడిభాగాల సమాచారం ఒక చోట దొరుకుతుంది.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. కొత్త యజమాని కార్యాలయం ముంబైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు చెన్నైలోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుదారు ఉంటున్న చోటే కేసు వేసే వీలిచ్చింది. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. అయితే మూడు వేల రూపాయల మిక్సీకి కమిషన్ మెట్లెక్కే ఓపిక అందరికీ ఉండదని నాకు తెలుసు. ఫ్రిజ్జుకో డిష్‌వాషరుకో మాత్రం ఎక్కండి.

మోటారు పూర్తిగా కాలిపోతే? గ్రైండరు మోటారు చుట్టించడం దాదాపు ఎప్పుడూ లాభమే. మిక్సీ మోటారుకు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే వదిలేయండి. వదిలేసే ముందు జార్లు, మూతలు, కప్లర్, ప్లగ్గు తీగ తీసి మెకానిక్‌కు ఇవ్వండి. అవి ఇంకొకరి ఆగిపోయిన మోడల్‌కు పనికొస్తాయి. మిగిలింది చెత్తబుట్టలో కాక ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.

ఆఖరి పని రెండు నిమిషాలది. మిషన్ అడుగున వెడల్పాటి తెల్ల టేపు అంటించి, ఏ భాగం ఎప్పుడు మార్చారో, ఎంతయిందో, ఎవరు చేశారో బాల్ పెన్నుతో రాయండి. అమ్మ మిక్సీ అడుగున ఇప్పుడు నాలుగు తేదీలున్నాయి. మూడు కప్లర్లు, ఒక జత బ్రష్‌లు. నా మిక్సీ అడుగున ఒకటే: కప్లర్, అరవై రూపాయలు, రిచీ స్ట్రీట్.